ఉప్పునీటి పురిటిగది

రుఆబాంధా నుంచి ఏ దిక్కుగా గీత గీసినా నాలుగు వందల కిలోమీటర్ల లోపల సముద్రం తగలదు. భిలాయి ఉక్కు నగరంలోని సెక్టార్లలో ఇది ఒకటి. చుట్టూ ఛత్తీస్‌గఢ్ వరిపొలాలు. వేసవి వచ్చిందంటే నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీల ఎండ. కర్మాగారానికి నీరిచ్చేది తాందులా జలాశయం, అది మంచినీరు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి ఇక్కడ ఉక్కు కర్మాగారానికి పునాదులు పడిన నాటి నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం తరలివచ్చి స్థిరపడ్డాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చిన పెద్దలకు సముద్రం చిన్ననాటి పొరుగు. ఇక్కడ పుట్టిన వారి పిల్లలకూ, మనుమలకూ అది సెలవులలో రైలెక్కి ఐదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేస్తే గాని కనిపించనిది.

అటువంటి చోట, ఒక క్వార్టరు వెనుక గదిలో, సముద్రపు చేప గుడ్లు పెట్టి పిల్లలను చేయగలదా? చేయగలదు. అంతకంటె ఆశ్చర్యమైన సంగతి ఏమిటంటే, సముద్రం దగ్గర లేకపోవడం ఈ పనికి అసలైన ఆటంకమే కాదు. నీరు తయారు చేసుకోవచ్చును. చేపల జంట కుదురుతుంది. గుడ్లు కూడా పెడుతుంది. చిక్కంతా ఆ తరువాత, పుట్టిన పిల్ల నోటి దగ్గర వస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల ప్రాణికి ఉన్న ఆ నోట్లో పట్టే ముద్ద మిల్లీమీటరులో మూడవ వంతు కూడా ఉండరాదు. అది బ్రతికి ఉండాలి, కదులుతూ ఉండాలి, పిల్ల పుట్టిన మరునాటికే సిద్ధంగా ఉండాలి. లేకపోతే మూడు వందల పిల్లలు పుట్టిన తొట్టె మూడవ నాటికి ఖాళీ అవుతుంది.

ఇంట్లో సముద్రపు చేపలను పుట్టించదలచిన వారు గదిని చేప కోసం కాక, ఈ నోటి కోసం కట్టుకోవలసి ఉంటుంది.

పట్టిన చేప, పెంచిన చేప

గాజుతొట్టెలో తిరిగే గప్పీలు, గోల్డ్ ఫిష్‌లు, ఏంజెల్ చేపలు దాదాపు అన్నీ ఎక్కడో ఒక పెంపకందారు తొట్టెలలోనో, చెరువులలోనో పుట్టినవే. సముద్రపు రంగుల చేపల కథ వేరు. లోకమంతటా ఇళ్లలో, ప్రదర్శనశాలల్లో కనిపించే ఈ చేపలలో చాలా పెద్ద భాగం నేటికీ పగడపు దిబ్బల మీద నుంచి పట్టి తెచ్చినవే. 1960లలో ఫిలిప్పీన్స్‌లో ఒక దుష్ట పద్ధతి మొదలైంది. సయనైడు కలిపిన నీటిని పగడాల సందులలోకి చిమ్మితే చేపలు మత్తెక్కి చేతికి చిక్కుతాయి. వాటిలో కొన్ని అక్కడే చస్తాయి, కొన్ని దారిలో చస్తాయి, మరి కొన్ని కొన్నవారి ఇంటికి చేరిన తరువాత చస్తాయి. ఆ విషం తగిలిన పగడం కూడా చచ్చిపోతుంది.

మన దేశంలో పగడాలకు చట్టరక్షణ ఉన్నది. 2001లో వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు. తొట్టె అలంకరణకు ఒక పగడపు ముక్కను తీయడం గాని, అమ్మడం గాని నేరం. ఈ సంగతి తెలియని వారు ఇంకా ఉన్నారు గనుక చెప్పవలసి వచ్చింది.

చేపలను ఇంట్లోనే పుట్టిస్తే దిబ్బ మీద భారం తగ్గుతుందన్నది తేలికగా తోచే ఆలోచన. అయితే ఆచరణలో అది చాలా కాలం సాధ్యపడలేదు. పగడపు దిబ్బల మీది చేపలలో అనేకం సూదిమొన అంత గుడ్లను నీటిలోకి వదిలి తమ దారిన తాము పోతాయి. ఆ గుడ్లు ప్రవాహంలో కొట్టుకుపోయి, పిల్లలు వారాల తరబడి నడిసముద్రంలో తేలుతూ బ్రతకాలి. అంతటి బాల్యాన్ని గాజుతొట్టెలో కల్పించడం కష్టం.

క్లౌన్ ఫిష్ మాత్రం వేరుగా బ్రతుకుతుంది. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్లని పట్టీలు ఉన్న ఈ చేపను 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ అనే బొమ్మల చిత్రం ఇంటింటికీ పరిచయం చేసింది. ఇది గుడ్లను రాతికి అంటించి పెడుతుంది. గుడ్డు రెండు మిల్లీమీటర్ల పైన పొడవుంటుంది. సముద్రపు చేపల లెక్కలో అది పెద్ద గుడ్డే. తండ్రి వాటిని కాపలా కాస్తాడు. పుట్టిన పిల్లకు అప్పటికే కళ్లు, నోరు, ఈదే బలం ఉంటాయి. రెండు వారాలు తిరగకముందే పెద్దచేప రూపానికి వస్తుంది. అందుచేతనే 1970ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని ఫ్లోరిడాలో మార్టిన్ మో అనే జీవశాస్త్రజ్ఞుడు సముద్రపు చేపలను అమ్మకానికి పెంచడం మొదలుపెట్టినప్పుడు, ఆయనకు ముందుగా చేతికి అందిన జాతులలో క్లౌన్ ఫిష్ ఒకటి.

మన దేశంలో ఈ విద్యకు పుట్టిల్లు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ. 1947లో స్థాపితమైన ఆ సంస్థ తన విళింజం, మండపం కేంద్రాలలో క్లౌన్ ఫిష్‌లనూ, వాటి దాయాదులైన డామ్సెల్ చేపలనూ పుట్టించి పెంచే పద్ధతులను రూపొందించింది. దాని విశాఖపట్నం కేంద్రం తినే చేపల వైపు మొగ్గి, ఇండియన్ పంపనో, నారింజ చుక్కల గ్రూపర్ వంటి వాటి పిల్లలను తొట్టెలలో పుట్టించింది. చేప మారినా ప్రశ్న ఒకటే: పుట్టిన పిల్లకు మొదటి వారం ఏమి పెట్టాలి?

డ్రమ్ములో సముద్రం

నీటితో మొదలుపెడదాము. 1872 నుంచి 1876 వరకు ‘ఛాలెంజర్’ అనే బ్రిటిషు నౌక లోకమంతా తిరిగి సముద్రపు నీటిని సీసాలలో పట్టి తెచ్చింది. విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వాటిలో 77 నమూనాలను పరీక్షించి 1884లో ఒక సంగతి ప్రకటించాడు. ఒకచోట నీరు ఎక్కువ ఉప్పన, మరొకచోట తక్కువ ఉప్పన కావచ్చును గాని, అందులోని లవణాల పరస్పర నిష్పత్తి మాత్రం అన్ని మహాసముద్రాలలోనూ దాదాపు ఒక్కటే. రుఆబాంధాలో సముద్రం కలుపుకోవడానికి ఆధారం ఈ సంగతే. నిష్పత్తి తెలిసినది గనుక ఆ లవణాలను సరిపాళ్లలో కలిపి పొడిగా అమ్ముతున్నారు. లీటరుకు సుమారు 35 గ్రాములు కలిపితే చాలు.

వంటింటి ఉప్పుతో ఈ పని జరగదు. సముద్రపు లవణాలలో సోడియం, క్లోరిన్ కలిసి నూటికి 86 పాళ్లు. మిగిలిన 14 పాళ్లలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, గంధకపు లవణాలు ఉన్నవి. ప్రాణం నిలిచేది వాటి వల్లనే.

కొళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది గనుక ఆర్.ఓ. యంత్రం నుంచి వచ్చిన నీటిని వాడడం మేలు. మూతగల ప్లాస్టిక్ డ్రమ్ములో పొడి కలిపి, గాలి బుడగలు ఆడిస్తూ ఒక రోజు వదలి, హైడ్రోమీటరుతో సాంద్రత 1.025 దగ్గర ఉన్నదో లేదో చూసుకోవాలి. కలపగానే చేపల మీద పోయరాదు.

క్రొత్తవారిని తరచుగా దెబ్బతీసేది ఆవిరి. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు పోదు. మే నెలలో, కూలరు గాలి తగిలే గదిలో, 200 లీటర్ల తొట్టె నుంచి వారంలో 20 లీటర్లు ఎగిరిపోవడం అసాధ్యమేమీ కాదు. అప్పుడు లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు దాదాపు 39 గ్రాములవుతుంది. తగ్గిన నీటికి బదులు ఉప్పునీరు పోస్తే మరింత ముదురుతుంది. పోయవలసినది మంచినీరు, అది కూడా రోజూ కొద్దికొద్దిగా, గాజు మీద గీసుకున్న గుర్తు దాకా.

చేప విసర్జనలోని అమోనియా రెండవ శత్రువు. సముద్రపు నీరు సహజంగా క్షారగుణం కలది. అందువలన అదే మోతాదు అమోనియాలో విషరూపంలో ఉండే భాగం మామూలు మంచినీటిలో కంటె ఇక్కడ దాదాపు పదింతలు. దానిని హరించే సూక్ష్మజీవులు ఫిల్టరులో నెలకొనడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాలలో తొట్టెలో చేప ఉండరాదు. క్రొత్త ఇంట్లో ముందు పాలు పొంగిస్తాము గాని సామాను దింపము గదా. ఇక్కడ పాలు పొంగడానికి నెల రోజులు పడుతుందని సరిపెట్టుకోవాలి.

ఉప్పునీటికి ప్రాణవాయువును పట్టి ఉంచే శక్తి కూడా మంచినీటి కంటె సుమారు ఐదవ వంతు తక్కువ. వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. నీటి వేడిమి 27, 28 డిగ్రీలు దాటకుండా చూడడం భిలాయి వేసవిలో చిన్న పని కాదు. అయితే ఇక్కడి ఎండలో ఒక సౌకర్యమున్నది, అది పొడి ఎండ. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను గాలి తగిలిస్తే ఆవిరి లేచి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. జూలైలో వర్షాలు పడి గాలిలో తేమ నిండిన తరువాత ఈ ఉపాయం అంతగా పనిచేయదు, కాని అప్పటికి ఎండ కూడా తగ్గి ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రులకు హీటరు తప్పదు.

గదిని ఎంచేటప్పుడు బరువు చూడాలి. 200 లీటర్ల తొట్టె గాజుతో, బల్లతో కలిసి మూడు వందల కిలోల దాకా తూగుతుంది. ఇటువంటివి రెండు మూడు పెట్టదలచుకుంటే నేల మీది క్వార్టరే క్షేమం. ఉప్పు తుంపర ఇనుమును తినేస్తుంది గనుక బల్లలు చెక్కవైతే మంచిది. విద్యుత్తు ప్లగ్గులు నీటి మట్టానికి పైన ఉండాలి. తీగ ప్లగ్గు కంటె క్రిందికి వ్రేలాడి తిరిగి పైకి ఎక్కాలి, జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడాలి. నీటిలోకి విద్యుత్తు ప్రసరిస్తే క్షణంలో కట్టేసే రక్షణ స్విచ్చి లేని గదిలో ఉప్పునీటి తొట్టె పెట్టడం తెలివితక్కువ పని. చేపల ముచ్చట మనిషి ప్రాణం మీదికి రారాదు.

ఇంకా రెండు హెచ్చరికలున్నవి. రాగిచెంబు ఎంత పవిత్రమైనదైనా ఈ గది గడప దాటి లోపలికి రాకూడదు. మేతగా పెంచే నాచుకూ, సూక్ష్మజీవులకూ రాగి విషం. ఇత్తడి కొళాయి సంగతి కూడా అంతే. ఇక దోమల మందు. కాయిల్ పొగలో, బుడ్డీ మందులో, చిమ్మే డబ్బాలో ఉండే పైరెత్రాయిడ్లు మనుషులను అంతగా బాధించకపోయినా చేపలకు మిక్కిలి ప్రమాదకరం. గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీటిలోకి నెడుతుంది. ప్రక్కగదిలో సాయంత్రం వెలిగించిన కాయిల్ తెల్లవారేసరికి తొట్టెను చేరవచ్చును. దోమతెరలు కట్టుకోవలసినదే.

మడి, తోడు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. పిల్ల నోటికి సరిపోయే జీవి రోటిఫర్. బ్రాకియోనస్ అనే ఈ ప్రాణి పరిమాణం 100 నుంచి 300 మైక్రాన్లు. గాజుగ్లాసులో వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే కదిలే తెల్లని నలుసులా కనిపిస్తుంది. దీని చరిత్ర చిత్రమైనది. జపాన్‌లో ఈల్ చేపల చెరువుల యజమానులకు ఇది నీటిని పాడుచేసే చీడ. 1960లో తకాషి ఇతో అనే పరిశోధకుడు ఈ చీడనే చేపపిల్లలకు మేతగా పెట్టవచ్చునని చూపించాడు. లోకంలోని సముద్ర చేపల హేచరీలు చాలా భాగం ఆ చీడ మీదనే నిలిచి ఉన్నవి.

రోటిఫర్ తినేది నాచు. నానోక్లోరాప్సిస్ అనే ఆకుపచ్చ సూక్ష్మనాచు సీసాలలో, ట్యూబులైటు వెలుగులో, కొద్దిపాటి ఎరువుతో పెరుగుతుంది. అంటే చేపపిల్లను పెంచడానికి రోటిఫర్ పంట, రోటిఫర్ పంటకు నాచు పంట కావాలి. మూడు అంచెల సేద్యమిది. ఈస్టు వేస్తే రోటిఫర్లు జోరుగానే పెరుగుతాయి, ఖర్చు తక్కువ. కాని ఈస్టు మాత్రమే తిన్న రోటిఫర్‌లో చేపపిల్లకు అవసరమైన సముద్రపు కొవ్వు ఆమ్లాలు ఉండవు. పిల్ల కడుపు నిండా తిని కూడా, సరిగ్గా రూపం మారే దినాలలో చచ్చిపోతుంది. కడుపు నిండడం వేరు, పోషణ వేరు అని తల్లులకు చెప్పనక్కరలేదు.

లెక్క చూడండి. పిల్లల తొట్టె 30 లీటర్లదనుకుంటే, మిల్లీలీటరుకు పది రోటిఫర్ల చొప్పున ఎప్పుడూ మూడు లక్షల రోటిఫర్లు అందులో ఉండాలి. పిల్ల వేటగాడు కాదు. మేత తనకు ఎదురుపడాలి. 20 లీటర్ల బకెట్టులో మిల్లీలీటరుకు వంద చొప్పున ఇరవై లక్షల రోటిఫర్లు పెరుగుతున్నప్పుడు, రోజూ నాలుగవ వంతు నీటిని సన్నని గుడ్డలో వడగట్టి ఐదు లక్షలు తీసుకున్నా, మంచి మేత ఉంటే అవి మరునాటికి తిరిగి పుంజుకుంటాయి. పెరుగు తోడు లాంటిదే ఈ వ్యవహారం. రోజూ వాడుకోవాలి, రోజూ రేపటికి మిగల్చాలి.

తోడు ఒక్కొక్కప్పుడు విరుగుతుంది కూడా. నిన్న కళకళలాడిన బకెట్టు ఈరోజు నురుగెక్కి, వాసన కొట్టి, లోపల కదలిక లేకుండా ఉంటుంది. మేత ఎక్కువ కావచ్చును, నీరు కుళ్లి ఉండవచ్చును. అందుకని బకెట్లు రెండుండాలి. ఒకదాని గరిటె రెండవదానిలో ముంచరాదు. నాచు సీసాల మూల అయితే పూర్తిగా మడి. అందులో ఒక్క రోటిఫర్ పడితే చాలు, రోజుల వ్యవధిలో అది వేలై నాచునంతా మేసి సీసాను తెల్లబరుస్తుంది. పొద్దున ముందు నాచు చూసుకుని, ఆ తరువాతనే రోటిఫర్ బకెట్టు ముట్టుకోవడం, ముట్టుకున్న చేతితో మళ్లీ వెనక్కు పోకపోవడం ఈ గది ఆచారం. అమ్మమ్మల వంటింటి మడిని చూసి నవ్వినవారు కూడా ఇక్కడ దానిని నేర్చుకోక తప్పదు.

ఉక్కు నగరంలో పెరిగినవారికి ఇది బోధపడడం కష్టం కాదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. పండుగైనా, పబ్బమైనా కొలిమి చల్లారకూడదు గనుకనే ఆ ఊరు మూడు షిఫ్టులలో బ్రతుకుతున్నది. రోటిఫర్ బకెట్టుకు కూడా సెలవు లేదు. ఇంట్లో మేత వేసే పని తెలిసిన మనిషి ఒక్కరే ఉంటే, ఆ మనిషి పెళ్లికి ఊరెళ్లిన నాడే పంట పోతుంది. కనీసం ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

చేపలను కొనడానికి ముందే, రెండు నెలల పాటు ఖాళీగా ఈ పంటలను మాత్రమే నడిపి చూడడం మంచిది. ఓపిక లేనివారు అప్పుడే తప్పుకుంటారు. ఒక్క చేప కూడా చావదు.

ఈ విద్య నేర్చుకోవాలంటే తెలుగువారికి ఒక దారి దగ్గరలోనే ఉన్నది. ఆంధ్ర తీరం వెంట రొయ్యపిల్లల హేచరీలు ఎన్నో వెలిశాయి. అక్కడి పనివారికి నాచు పెంపకం, ఆర్టీమియా పొదిగించడం దినచర్య. సెలవులకు విశాఖ వైపు వచ్చినప్పుడు, అనుమతి తీసుకుని, అటువంటి చోట రెండు రోజులు నిలబడి చూస్తే పుస్తకాలలో దొరకని మెలకువలెన్నో కంటబడతాయి.

ఎనిమిదవ రాత్రి

జంటను కొనవలసిన పని లేదు. రెండు చిన్న పిల్లలను, ఒకటి కాస్త పెద్దదిగా, కలిపి విడిస్తే చాలు. క్లౌన్ ఫిష్‌లన్నీ ముందు మగ లక్షణంతోనే పెరుగుతాయి. గుంపులో అన్నిటి కంటె పెద్దది ఆడదవుతుంది, తరువాతిది దాని భర్త. మిగిలినవి ఎదుగుదల ఆపుకుని వేచి ఉంటాయి. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారి, వేచి ఉన్న వాటిలో ఒకటి భర్త స్థానానికి వస్తుంది. హాన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె అనే శాస్త్రజ్ఞులు 1977లో ఈ సంగతిని వివరించారు. ఆ లెక్కన, తల్లి పోయిన బొమ్మల చిత్రంలో తండ్రి చేప కొడుకును వెదుక్కుంటూ వెళ్లేనాటికి తానే తల్లిగా మారిపోతూ ఉండాలి. కథ కోసం దానిని వదిలేశారు కాబోలు.

జంట కుదిరి గుడ్లకు రావడానికి కొన్ని నెలలు మొదలు ఏడాదికి పైగా పట్టవచ్చును. సముద్రంలో ఇవి ఎనిమోన్ అనే విషపు పోచల ప్రాణి నడుమ కాపురముంటాయి గాని తొట్టెలో అది అవసరం లేదు. ఒక కుండ పెంకు గాని, ఇంటికప్పు పెంకు గాని ఏటవాలుగా ఆనించి పెడితే దానినే ఇల్లుగా చేసుకుంటాయి. ఒకనాడు రెండూ కలిసి ఆ పెంకును నోటితో తోమడం మొదలుపెడతాయి. ఆడదాని పొట్ట ఉబ్బి ఉంటుంది. సాధారణంగా పగటిపూటనే నారింజ రంగు గుడ్లు వరుసలు తీరి పెంకుకు అంటుకుంటాయి. తొలి కాన్పులలో వంద, ముదిరిన జంటకు మూడు నాలుగు వందలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ. తండ్రి రాత్రింబవళ్లు రెక్కలతో విసరుతూ, పాడైన గుడ్లను ఏరివేస్తూ అక్కడే ఉంటాడు. తొలిసారి గుడ్లను తామే తినివేసే జంటలు తక్కువేమీ కాదు. దానికి దిగులు పడనక్కరలేదు. రెండు వారాలు, మూడు వారాలలో మళ్లీ పెడతాయి.

నాలుగవ నాటికి గుడ్డు రంగు ముదురుతుంది, లోపల కళ్లు కనిపిస్తాయి. ఏడు, ఎనిమిది రోజులకు ఆ కళ్లు వెండిలా మెరిస్తే ఆ రాత్రే పొదుగు. పొద్దుగూకే ముందు పెంకును తీసి పిల్లల తొట్టెలో ఉంచాలి. అందులోని నీరు తల్లితొట్టె నుంచి తీసినదే కావాలి. తండ్రి రెక్కల గాలికి బదులు సన్నని బుడగల ధార గుడ్ల ప్రక్కగా పోవాలి. తొట్టె చుట్టూ నల్లకాగితం అంటించాలి. గాజు మెరిస్తే పిల్లలు దానికే తలలు కొట్టుకుని చస్తాయి. దీపం ఆర్పి, తలుపు మూసి, బయట కూర్చోవాలి. రెండవ షిఫ్టు నుంచి పది గంటలకు వచ్చే మనిషి దీపం వెలిగించుకుని నేరుగా ఆ గదిలోకి రాకుండా ముందుగానే చెప్పి ఉంచడం మంచిది. పూర్తి చీకటి పడిన గంటా రెండు గంటలలో గుడ్లు పగులుతాయి. అప్పుడు టార్చి వెలుగును ఒక మూలకు చూపితే కనురెప్ప వెంట్రుకల వంటి పిల్లలు వందలుగా అటు కదలివస్తాయి. వాటిని వలతో ముట్టరాదు. తీయవలసి వస్తే గిన్నెతో నీటితో సహా తీయాలి.

మరునాటి ఉదయం మొదటి పని రోటిఫర్లు పోయడం. వాటితోబాటు నాచునీరు కూడా లేత ఆకుపచ్చ రంగు వచ్చేటంత కలపాలి. రోటిఫర్లు అందులో మేస్తూ పోషకంగా ఉంటాయి, వెలుగు మెత్తబడుతుంది, పిల్ల కంటికి ఎర స్పష్టంగా కనబడుతుంది. పొట్ట తెల్లగా నిండి ఉన్నదా అని భూతద్దంతో చూడాలి. ఆహారం అందక ఒక హద్దు దాటిన పిల్లకు ఆ తరువాత ఎంత మేత పెట్టినా తినే శక్తి ఉండదు. అది ఇంకా ఈదుతూనే ఉంటుంది, చూసేవారికి బ్రతికినట్లే ఉంటుంది. ఈ పనిలో మనసును ఎక్కువగా కలచివేసే దృశ్యం ఇదే.

పిల్లల తొట్టెలో బలమైన ఫిల్టరు పెట్టడానికి లేదు, పిల్లలనే పీల్చేస్తుంది. అందుచేత రోజూ అడుగున చేరిన మురికిని సన్నని గొట్టంతో తీసి, తీసిన మేరకు క్రొత్త ఉప్పునీటిని సెలైన్ ఎక్కించినట్లు చుక్కచుక్కగా దింపాలి. విద్యుత్తు పోతే గాలి ఆగకుండా బ్యాటరీతో నడిచే పంపు సిద్ధంగా ఉండాలి. అది ఉన్నదని తృప్తి పడక, నెలకొకసారి ప్లగ్గు తీసి నడుస్తున్నదో లేదో పరీక్షించాలి.

ఏడవ, ఎనిమిదవ నాటికి పిల్ల నోరు ఆర్టీమియాకు పట్టేటంత అవుతుంది. ఈ ఉప్పుకయ్యల ప్రాణి గుడ్లు ఎండి ఇసుకపొడిలా ఏళ్ల తరబడి నిలువ ఉంటాయి. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ సరస్సు నుంచి డబ్బాలలో వస్తాయి. మన తూత్తుకుడి ఉప్పుమళ్లలో, రాజస్థాన్ ఉప్పు సరస్సులలో కూడా ఈ ప్రాణి ఉన్నది. అడుగు కోసిన ప్లాస్టిక్ సీసాను తలక్రిందులుగా కట్టి, 28 డిగ్రీల ఉప్పునీటిలో గాలి ఆడిస్తే ఒక రోజులో పిల్లలవుతాయి. గాలి ఆపితే పైపెంకులు తేలుతాయి, పిల్లలు వెలుగు వైపు చేరుతాయి. పెంకులు కలవకుండా తీసుకోవడంలోనే నేర్పున్నది. అవి చేపపిల్ల ప్రేగులో అడ్డుపడతాయి.

ఎనిమిదవ రోజుకూ పన్నెండవ రోజుకూ నడుమ తొట్టెలో ఒక మార్పు జరుగుతుంది. అంతవరకు నీటిలో గమ్యం లేక తేలుతున్న పిల్లలు ఒక్కటొక్కటిగా అడుగుకు దిగుతాయి. తల వెనుక తెల్లని పట్టీ పొడచూపుతుంది. కొన్ని రోజులకు నడుము మీద రెండవది. ఈ దినాలలోనే మళ్లీ చావులు ఎక్కువ; మొదటి వారపు మేతలో లోపముంటే ఇప్పుడు బయటపడుతుంది. మొదటి రెండు మూడు పొదుగులలో ఒక్క పిల్ల కూడా మిగలకపోవడం చాలామంది ఎరిగిన సంగతే. మూడు వందలలో ముప్పై మిగిలిన నాడు ఆ ఇల్లు మిఠాయి పంచుకోవచ్చును. అలవాటైన చేతికి సగానికి పైగా దక్కుతాయి.

దక్కిన తరువాత క్రొత్త సమస్య. జంట నెలకు రెండుసార్లు గుడ్లు పెడుతుంటే పిల్లలను ఎక్కడ ఉంచాలి? ఇంటి గదికి ఒక జంట, మహా అయితే రెండు చాలు. ప్రతి పొదుగునూ పెంచాలన్న పట్టుదల కూడా పనికిరాదు. లక్షద్వీపంలోని అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ స్థానిక మహిళలకు అలంకార రొయ్యల పెంపకం నేర్పింది. ముంబయి దగ్గరి ఐరోలీలో అదే సంస్థ సహకారంతో సముద్రపు అలంకార చేపల హేచరీ నడిచింది. హేచరీ పుట్టించిన పిల్లలను ఇళ్లలో పెంచి అమ్ముకునే పద్ధతి కూడా ఒకటున్నది. ఆరంభపు పది రోజుల కష్టం నిపుణులది, తరువాతి మూడు నెలల పెంపకం ఇంటివారిది. ఉప్పు కొనుక్కుని నీరు కలుపుకునే భిలాయి వంటి చోట దీనిని పెద్ద వ్యాపారంగా ఊహించుకోవడం తొందరపాటు. ఉప్పు, విద్యుత్తు, మేత ఖర్చులు తిరిగి వస్తే సంతోషించవలసినదే.

మూడు నాలుగు నెలలకు పిల్ల అంగుళం పొడవుకు వచ్చి, పొడిమేత తింటూ, మరొకరి తొట్టెకు వెళ్లడానికి సిద్ధమవుతుంది. పంపే ముందు ఒక రోజు మేత ఆపాలి, లేకపోతే దారిలో తన విసర్జనే దానికి విషమవుతుంది. పాలిథిన్ సంచిలో మూడవ వంతు నీరు, మిగిలినదంతా ప్రాణవాయువు నింపి, రెండవ సంచి తొడిగి, థర్మోకోలు పెట్టెలో చీకటిగా ఉంచితే అది రాత్రంతా రైలులో హాయిగా ప్రయాణం చేస్తుంది. తెల్లవారి చేరిన చోట సంచిని వెంటనే విప్పి ఒంపరాదు. తొట్టె నీటి మీద పావుగంట తేలవేసి, ఆ నీటిని కొద్దికొద్దిగా లోపలికి పోస్తూ గంటసేపు అలవాటు చేసి, అప్పుడు చేపను మాత్రం గిన్నెతో లోపలికి విడిచి, సంచి నీటిని బయట పారబోయాలి.